వాగవతలి బడికి ఎన్ని భుజాలు?

కొత్తగా లెక్కల టీచర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మనిషి దగ్గర తీరిక ఉంటుందని, ఆ తీరికలో పనికొచ్చే మాటలు నాలుగు దొరుకుతాయని వాళ్ల ఆశ. తీరిక సంగతి మాత్రం నిజం. అందరూ అడిగేది దాదాపు ఒకటే. కాలం, దూరం, వేగం, నిష్పత్తులు పిల్లలకు ఎందుకు ఎక్కవు సార్, రోజూ చూసే వాటితో ముడిపెట్టి చెప్పినా ఎందుకు ఎక్కవు అని. దానికి నా దగ్గర సూత్రం లేదు. చర్ల దాటాక అడవిలో నేను పనిచేసిన ఒక బడి సంగతి చెప్తాను. విన్నాక కొందరు ఇంకో టీ తాగి కూర్చుంటారు, కొందరు బస్సు టైమైందని లేస్తారు. మీరు ఏ రకమో మీరే తేల్చుకోండి.

నా సర్వీసులో నల్లబల్ల మీద నేను నడిపినన్ని రైళ్లు డోర్నకల్ జంక్షన్‌లో కూడా నడిచి ఉండవు. ఒక రైలు ఇటు నుంచి, ఒక రైలు అటు నుంచి, రెండూ ఎక్కడ కలుస్తాయి? కల్లూరు వైపు బడుల్లో ఉన్నంత కాలం ఆ రైళ్లు ఏ ఆటంకం లేకుండా నడిచాయి. పిల్లలు సూత్రం బట్టీ పట్టేవారు, నేను మార్కులు వేసేవాణ్ణి, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. సర్వీసు చివరికొస్తున్న రోజుల్లో బదిలీ మీద చర్ల మండలంలో గుట్ట మీదున్న ఒక కోయ ఊరికి వెళ్లాను. ఎనిమిదో తరగతి వరకు ఉన్న చిన్న బడి. పోలీసు క్యాంపు దాటాక తారు రోడ్డు అయిపోతుంది. అక్కడి నుంచి ఎర్రమట్టి దారి. ఆ దారిలో బండి మీద వెళ్లిన మొదటి రోజే నా నడుముకు ఎన్ని ఎముకలున్నాయో తెలిసిపోయింది.

అక్కడి హెడ్మాస్టర్ భద్రాచలంలో తరతరాలుగా బట్టల దుకాణం నడుపుతున్న ముస్లిం కుటుంబం మనిషి. అంత దుమ్ములో బండి తోలుకొచ్చినా ఆయన తెల్ల చొక్కా నలిగేది కాదు. ఆ రహస్యం రిటైరయ్యేదాకా నాకు చెప్పలేదు. నన్ను మాస్టర్ సాబ్ అనేవాడు. ఇక్కడి పిల్లలు ఎక్కువ మాట్లాడరు గానీ అన్నీ వింటారు, జర సంభాళించుకుని చెప్పండి అని మొదటి రోజే హెచ్చరించాడు. నేను నవ్వి ఊరుకున్నాను. లెక్కల మాస్టారుకు హెచ్చరికలేమిటని నా ధీమా.

ఆ పిల్లల్లో ఒక్కరు కూడా రైలు ఎక్కలేదని తెలిసి, రైళ్లను షెడ్డుకు పంపేశాను. ఏడో తరగతిలో నిలబడి, మీ ఊరి నుంచి సంత ఎంత దూరం అని అడిగాను. నా ఉద్దేశంలో అది చాలా తెలివైన ప్రశ్న. వెనక బెంచీ నుంచి ఒకడు తొమ్మిది భుజాలు సారూ అన్నాడు. నేను అర్థం కాక మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట. అప్పుడు నలుగురైదుగురు కలిసి నాకు వివరించారు. బరువును కావడికి రెండు వైపులా వేలాడదీసి భుజాన పెట్టుకుని బయలుదేరతారు. ఒక భుజం నొప్పి పుట్టగానే ఆగకుండా రెండో భుజానికి మారుస్తారు. అలా ఒకసారి మార్చేదాకా నడిచింది ఒక భుజం దూరం. వాళ్ల తాతలు కూడా అలాగే చెప్పేవారట.

బాగుంది, కొలత దొరికిందని సంబరపడ్డాను. మరి సంత నుంచి ఊరికి ఎంత అని ఊరికే అడిగాను. ఐదు అన్నారు. అందరూ ఐదే అన్నారు.

ఒకే దారి పోయేటప్పుడు తొమ్మిది, వచ్చేటప్పుడు ఐదు ఎలా అవుతుందని వారం రోజులు వాదించాను. దారి ఒకటే కాబట్టి దూరం ఒకటే అని బల్ల మీద గీత గీసి, దాని మీద ఇటూ అటూ చాక్‌పీసు నడిపించి చూపించాను. వాళ్లు మర్యాదగా విని తల ఊపారు. మళ్లీ అడిగితే తొమ్మిది, ఐదు. చివరికి ఒకడు నా మీద జాలిపడి అసలు సంగతి చెప్పాడు. పోయేటప్పుడు కావడిలో చింతపండు, ఇప్పపువ్వు ఉంటాయి. వచ్చేటప్పుడు ఉప్పు, నూనె సీసా ఉంటాయి. ఇంత చిన్న విషయం సారుకు తెలియదేమిటని వాడి ముఖంలో ఆశ్చర్యం.

ఆ రోజే మొదటిసారి ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఏడో తరగతి. తమ్ముణ్ణి చంకనేసుకుని బడికొచ్చి, వాణ్ణి ఒకటో తరగతి గదిలో దించి, తర్వాత మా గదికి వచ్చేది. అప్పటిదాకా ఆ పిల్ల గొంతు నేను విననేలేదు.

"అది మొగోళ్ల లెక్క సారూ. ఆడోళ్లం నెత్తిన మోస్తం. మాకు భుజాలుండవ్, దింపులుంటయ్."

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. నెత్తి మీది మోపు ఎక్కడ దించి ఊపిరి పీల్చుకుంటే అక్కడికి ఒక దింపు. సంతకు మూడు దింపులు. మొగవాళ్ల మూడు భుజాలకు మా దింపు ఒకటి అని తనే లెక్క కట్టి చెప్పి కూర్చుంది. కొలతల మార్పిడి నేర్పడానికి నేను ఇంకా పది రోజులు పెట్టుకున్నాను. ఆ పాఠం అక్కడే అయిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర హెడ్మాస్టరుకు ఇదంతా చెప్తే పప్పులో ముంచిన ముద్ద చేతిలోనే ఆగిపోయింది. అయితే వాళ్లు చెప్పేది తప్పా ఒప్పా మాస్టర్ సాబ్ అని అడిగాడు. నేను చాలాసేపు ఆలోచించి ఒప్పే అన్నాను. మనం కిలోమీటర్లలో దారిని కొలుస్తాం. వాళ్లు దారిని, బరువును, ఎక్కుడు దిగుడును కలిపి కొలుస్తున్నారు. బరువు పెరిగితే భుజం పొట్టిదవుతుంది. మనం విలోమానుపాతం అని నోరు తిరగని పేరు పెట్టి ఎనిమిదో తరగతిలో చెప్పేది ఇదే.

మర్నాటి నుంచి బడి ఆవరణే మా తరగతి గది. నూనె డబ్బాల్లో ఇసుక నింపి కావడి కట్టాం. కొంచెం ఇసుకతో ఒకసారి, దానికి రెట్టింపు ఇసుకతో ఇంకోసారి, జెండా కర్ర చుట్టూ నడక. భుజం ఎక్కడ మారితే అక్కడ గీత. బరువు రెట్టింపైతే భుజం సగానికి రావాలి. దాదాపుగా వచ్చింది కూడా. ఒక మొండి పిల్లవాడు మాత్రం ఆడపిల్లలు చూస్తున్నారని పళ్లు బిగించి భుజం మార్చకుండా తిరుగుతూనే ఉన్నాడు. వాడి లెక్క ప్రకారం బరువు పెరిగితే భుజం పొడుగవుతుంది. వాడి కొలత తీసేద్దామంటే వాడు ఒప్పుకోలేదు. హెడ్మాస్టర్ చేతి గడియారం ఇచ్చాడు. నేను టేపు తెచ్చాను. గంటకు ఎన్ని భుజాలు, భుజానికి ఎన్ని మీటర్లు, ఏ బరువుకు ఎంత. వానలు జోరందుకునేసరికి ఆ క్లాసు మొత్తం నిష్పత్తుల్లో మాట్లాడేది. అప్పుడు మెల్లగా నా రైళ్లను బయటికి తీశాను. ఆ అమ్మాయి చెయ్యెత్తి, రైలు ఖాళీదా, బొగ్గు నింపిందా సారూ అని అడిగింది. ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

ఆ సంబరంలో ఉండగా కబురొచ్చింది. పిల్లలు తక్కువున్న పై తరగతులను పక్క బడిలో కలుపుతారట. మా ఆరు, ఏడు, ఎనిమిది వాగవతలి బడికి పోతాయి. కాగితం మీద దూరం రెండు కిలోమీటర్లే.

ఆ సాయంత్రమే ఆ అమ్మాయి తండ్రి వచ్చాడు. పోడు వ్యవసాయం చేసుకునే మనిషి, బడి గడప దాటి లోపలికి రాడు, అరుగు మీదే కూర్చుంటాడు. గొడవ పడలేదు. ఉన్న మాట చెప్పాడు. అతనూ భార్యా తెల్లవారుతూనే చేనుకు పోతారు. పిల్లవాడు ఈ బడిలో, అక్క వాగవతలి బడిలో అయితే వాణ్ణి ఎవరు చూడాలి, వాగు పొంగితే పిల్లను ఎవరు తేవాలి.

"బడి ఆడికి పోతే బిడ్డ ఇంట్ల ఉంటది సారూ. నేనేం జెయ్య."

ఇక్కడ ఎనిమిది పూర్తి చేస్తే తొమ్మిదికి భద్రాచలంలో ఆశ్రమ పాఠశాలకు పంపొచ్చు, అప్పటికి తమ్ముడు పెద్దవాడవుతాడు అని మేం వేసుకున్న పథకం. ఏడులో ఆగితే అదంతా గాల్లో కలిసిపోతుంది.

కొద్ది రోజులకు చూసి రాసుకుపోవడానికి జిల్లా ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. అందరితో మీరు అని మాట్లాడాడు. పిల్లలు ఎంతమంది, గదులెన్ని అని అడిగి, చివరికి దూరం దగ్గరికొచ్చాడు. మా ఊళ్లో సిగ్నల్ ఉండదని ముందే విని, చర్లలో ఉండగానే ఫోన్లో మ్యాపు దింపుకుని వచ్చాడట. ఏడో తరగతి గదిలో ఆ ఫోను పైకెత్తి చూపిస్తూ, రెండు కిలోమీటర్లే కదమ్మా, అరగంట కూడా పట్టదని ఇదే చెప్తోంది అన్నాడు.

ఆ అమ్మాయి లేచింది.

"ఫోను ఎవరి నడక లెక్కేసింది సారూ?"

హెడ్మాస్టర్ నా వంక చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అధికారి కాసేపు ఫోను వంక చూసుకుని, అదైతే నాకూ తెలియదమ్మా, పదండి నడిచి చూద్దాం అన్నాడు. నిజంగానే బయలుదేరాడు. ఆ ఒక్క పనికే ఆయన మీద నాకు గౌరవం.

ముందు అధికారి, ఆయన భుజాన ల్యాప్‌టాప్, ఫైళ్లు కుక్కిన బరువైన బ్యాగు. పక్కన హెడ్మాస్టర్. వెనక నేనూ పిల్లలూ. గుట్ట దిగుతుండగా అధికారి బ్యాగును కుడి భుజం నుంచి ఎడమకు మార్చాడు. వెనక నుంచి గుసగుసగా కోయలో ఒక అంకె వినిపించింది. కొంత దూరం పోయాక ఎడమ నుంచి కుడికి. ఇంకో అంకె. మూడోసారికి గుసగుస కాస్తా గట్టిగానే వినిపించింది. ఆయన ఆగి, వీళ్లు ఏం లెక్కపెడుతున్నారు అని అడిగాడు. ఏం లేదు సార్, పక్షుల్ని అన్నాడు హెడ్మాస్టర్. ఆ అమ్మాయి మాత్రం దాచకుండా చెప్పేసింది. సారు ఇప్పటికి మూడు భుజాలు నడిచారని, మా నాన్న అయితే ఇక్కడికి ఒకటే అని.

అధికారి పగలబడి నవ్వాడు. తర్వాత పౌరుషం వచ్చిందేమో, భుజం మార్చకుండా చాలాసేపు నడిచాడు. మా మొండి పిల్లవాడు ఆయన పక్కనే నడుస్తూ ముఖంలోకి చూస్తూ వచ్చాడు. ఆ బాధ ఏమిటో వాడికి తెలుసు. వాగు దగ్గర రాళ్ల మీద కాలు జారబోయినప్పుడు బ్యాగు దానంతట అదే భుజం మారింది. క్లాసు మొత్తం ఒకేసారి అంకె చెప్పింది.

వాగులో మోకాలి లోతు నీళ్లు. హెడ్మాస్టర్ ప్యాంటు మడతలు ఇస్త్రీ పెట్టినంత శ్రద్ధగా పైకి మడుచుకుని దాటాడు. అవతలి బడికి చేరేసరికి ఫోను చెప్పిన దానికి రెట్టింపు సమయం పట్టింది. అక్కడ మంచినీళ్లు తాగి, అక్కడి పిల్లల్ని పలకరించి, తిరిగొస్తూ వాగు ఒడ్డున ఇసుకలో కూలబడ్డాం.

ఆ అమ్మాయి పుల్ల తీసుకుని ఇసుకలో ఒక జానెడు గీత గీసింది. అది ఫోను చెప్పిన అరగంట. దాని కింద రెండు జానల గీత. అది సారు నడక. మూడో గీత మొదలుపెట్టి, అది వాగు పొంగిన రోజు రోడ్డు మీది వంతెన దాకా చుట్టు తిరిగి పోయే దారి అని చెప్పి, జాన మీద జాన కొలుస్తూ, వంగి వెనక్కి నడుస్తూ గీసుకుంటూ పోయింది. హెడ్మాస్టర్ కాళ్లు పక్కకు తీసుకోవాల్సి వచ్చింది. అధికారి మోకాళ్ల మీద కూర్చుని ఆ గీతను తన చేత్తో కొలిచాడు. తక్కువే వచ్చిందే అన్నాడు. మీ జాన కాదు సారూ, నా జాన అంది ఆ పిల్ల. ఆయన తన చెయ్యి చూసుకుని, నిజమే అని ఒప్పుకున్నాడు.

మేం గెలిచినట్టే అనుకున్నాను. హెడ్మాస్టర్ ముఖం కూడా వెలిగింది. అప్పుడు అధికారి లేచి చేతుల ఇసుక దులుపుకుంటూ, అయితే మీరు అక్కడికి వెళ్లడం కష్టమే, వాళ్లనే మీ బడికి తెస్తే సరిపోతుంది కదా అన్నాడు. హెడ్మాస్టర్ ఆలస్యం చెయ్యకుండా చాలా మంచి ఆలోచన సార్ అన్నాడు. నేనూ గట్టిగా తల ఊపాను. మా బడి నిలుస్తుంది, పిల్ల చదువు నిలుస్తుంది, ఇంకేం కావాలి? అధికారి అంతటితో ఊరుకుంటే అయిపోయేది. ఏమంటావమ్మా అని ఆ అమ్మాయిని అడిగాడు.

ఆ పిల్ల ఇసుకలోని గీతల్ని చూసింది. పెదవులు కదిలాయి. లోపల లెక్క వేస్తోందని నాకు అర్థమైంది. వెయ్యొద్దమ్మా అని ఎంత చెప్పాలనిపించిందో.

"వాళ్లకు గూడ గంతే సారూ. మేం పొద్దున దిగుతం, పొద్దుగూకి ఎక్కుతం. వాళ్లు పొద్దున ఎక్కుతరు, పొద్దుగూకి దిగుతరు. కలిపితే ఒక్కటే."

అధికారి ఈసారి నవ్వలేదు. వాగు వంక చూసి, వాళ్ల బడీ మీ బడీ రెంటి గురించి నేను మళ్లీ రాయాలి అని మాత్రం అన్నాడు. దాని అర్థం ఏమిటో మాకు తెలియలేదు. గుట్ట ఎక్కేటప్పుడు బ్యాగు ఎన్ని భుజాలు మారిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆయన జీపు వెళ్లాక హెడ్మాస్టర్ కుర్చీలో వాలిపోయాడు. మెల్లగా అన్నాడు.

"మాస్టర్ సాబ్, మీరు లెక్కలు జర తక్కువ మంచిగ చెప్తే ఏమైతుండె?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయనకూ అంతే. ఇద్దరం అక్కడే కూర్చుని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం.

మీరు ఆత్రపడకుండా ఉండటానికి చివరి సంగతి చెప్పేస్తాను. చాలా రోజుల తర్వాత ఉత్తర్వు వచ్చింది. మధ్యలో వాగు ఉన్నందున రెండు బడులూ ఎక్కడివక్కడే ఉంచాలని అందులో రాసి ఉంది. ఆ అమ్మాయి ఎనిమిది మా దగ్గరే పూర్తి చేసి ఆశ్రమ పాఠశాలకు వెళ్లింది. ఇప్పుడు ఇంటర్, లెక్కల గ్రూపే. మొన్న ఫోను చేసి, ఇక్కడ మాస్టారు వేగం చెప్తూ బరువు సంగతే ఎత్తడం లేదు సారూ అని ఫిర్యాదు చేసింది. ఆయన మీద జాలేసింది.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఉత్తర్వు కాదు, అది ఇంకా రాని రోజుల్లోని ఒక సాయంత్రం. అధికారి వెళ్లిన మూడో నాడో నాలుగో నాడో. బడి వదిలేశాక నేను గదులకు తాళం వేస్తున్నాను. ఆ అమ్మాయి తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వాగు దగ్గర జరిగింది ఊరంతా పాకింది. బడి పోయేలా ఆ పిల్లే చెప్పిందని కొందరు అంటున్నారట. కూతుర్ని అడిగితే మాట్లాడటం లేదట. అతను నన్ను నిందించడానికి వచ్చాడనుకుని, తాళం వేసిన గదికే మళ్లీ తాళం వేస్తూ నిలబడ్డాను.

"నా బిడ్డ లెక్క తప్పు జెప్పిందా సారూ?"

తప్పు కాదు అన్నాను. సరిగ్గానే చెప్పిందనీ, నేను పక్కనుండి తల ఊపింది తప్పనీ, సరిగ్గా చెప్పడం వల్లే ఇప్పుడు చిక్కొచ్చి పడిందనీ చెప్పాను.

అతను తలపాగా తీసి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. తొందరేం లేదు. చేనులో విత్తనాలు వేసే రోజులు, పొద్దంతా వంగి ఉన్న మనిషి.

"సరిగ్గ జెప్తె ఇంక చిక్కేంది సారూ. బడి అవతలికి పోతే పోనియ్. పొద్దున నేనే వాగు దాటిస్త, పొద్దుగూకి నేనే తెస్త. పిల్లగాన్ని గూడ ఏసుకపోత. కావడికి ఒక దిక్కు వాడు, ఒక దిక్కు వీళ్ల పుస్తకాలు."

అని లేచి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రంతో నేను ఉత్తర్వు కోసం ఎదురుచూడటం మానేశాను.